మిస్ హాటీకి ముందు సీటు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మోసపోయామని అనుకోవద్దు. ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా ఆవిడ పద్మ పాతికేళ్ళుగా నా మాటల్ని పదితో భాగించుకుంటూ కాపురం చేస్తోంది. నేను "వంద మంది భోజనానికొస్తున్నారు" అంటే పది ప్లేట్లు తీస్తుంది, అందులో రెండు మిగులుతాయి. కాబట్టి ఈ ప్రయాణంలో కనిపించే అంకెల్ని మీరూ భాగించుకోండి. మనుషుల్ని మాత్రం భాగించకండి, వాళ్ళు నేను రాసినంతే ఉన్నారు. ఇవి కాక, పూర్తిగా కల్పించింది ఒకటుంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మోరిస్‌విల్: నోటి దురద

నార్త్ కరోలినాలో మేముండే మోరిస్‌విల్‌లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ వాడికి తగులుతుంది, ఆ రాయి విసిరినవాడూ సాఫ్ట్‌వేరే. అలాంటి ఊళ్ళో పోయిన ఫిబ్రవరిలో లైబ్రరీవాళ్ళు బొమ్మలాట పెట్టారు. ఆడించింది మిస్ ఒడెస్సా. అరవై దాటిన నల్లజాతి ఆవిడ, ఎనిమిదడుగుల పొడుగు. పక్కనే డర్హమ్‌లో ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు చెక్కి, బట్టలు కుట్టి, ఆడిస్తోంది. ఆట అయ్యాక "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంది.

నా దగ్గర ప్రశ్నలెప్పుడూ ఉండవు, ఉపన్యాసాలే. లేచి నిలబడ్డాను. మా ఆంధ్రలో తోలుబొమ్మలాట ఉందన్నాను. అది నిజం. తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారన్నాను. అదీ నిజం. మా వంశం నాలుగు వందల ఏళ్ళుగా ఆ బొమ్మలు ఆడిస్తోందన్నాను. చూశారా, ఎంత నున్నగా జారిపోయానో. తోలుబొమ్మలతో నాకున్న అసలు చుట్టరికం చెప్పాలంటే, మూడో క్లాసులో ఒకసారి చూడ్డానికెళ్ళి, రావణుడు రాకముందే నిద్రపోయాను. తర్వాత హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో హనుమంతుడున్న లాంప్‌షేడ్ ఒకటి కొన్నాను. అంతే. మిస్ ఒడెస్సా మాత్రం శ్రద్ధగా విని, నా నంబర్ పుస్తకంలో రాసుకుంది.

అక్టోబర్‌లో ఒక బుధవారం పొద్దున, ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో మ్యూట్‌లో ఉండి అట్టు తింటుంటే ఫోన్ మోగింది.

"మిస్టర్ మూర్తీ, మీవాళ్ళు నాలుగు వందల ఏళ్ళు ఆడించారన్నారు కదా. నాకు నాలుగు రోజులు కావాలి."

సంగతేంటంటే, శనివారం జార్జియాలోని సవానాలో పెద్ద బొమ్మలాట ఉత్సవం. పదేళ్ళుగా అక్కడ ఆవిడకి లాబీలో పిల్లల మూలే ఇస్తున్నారు. ఈసారి మొదటిసారి పెద్ద స్టేజీ ఇచ్చారు. ఒక బొమ్మని ముగ్గురు కలిసి ఆడించే ఆట అది. తల, కుడిచెయ్యి ఆవిడే. ఎడమచెయ్యి ఒకరు. పాదాలు ఒకరు. ఆ పాదాలాడించే రెనే అనే అమ్మాయికి నడుం పట్టేసింది. వేరే ఆటగాళ్ళందరికీ ఆ రోజు వేరే ఆటలున్నాయి. మూడో మనిషి లేకపోతే స్టేజీ ఇంకొకరికి, మిస్ ఒడెస్సా మళ్ళీ లాబీకి.

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. "తప్పకుండా వస్తాను" అని వచ్చింది.

నల్లబట్టలు తెచ్చుకోమంది, ఆడించేవాళ్ళు కనబడకూడదట. మా ఇంట్లో నల్లబట్టలంటే ఒక్కటే జత, మూడేళ్ళ కిందట అయ్యప్ప దీక్షకి కుట్టించింది. పద్మ అల్మరాలోంచి తీస్తూ, "ఇది వేసుకుని చికెన్ ముట్టుకున్నారో, చెప్తున్నా, ఆ స్వామి సంగతి తర్వాత, ముందు నేనున్నాను," అంది.

డర్హమ్: మిస్ హాటీ దర్శనం

గురువారం పొద్దున్నే ఆవిడ వర్క్‌షాప్‌కెళ్ళాను. పాత మంగలిషాపు అది. అద్దాలు, కుర్చీలు అలాగే ఉన్నాయి. కుర్చీల్లో బొమ్మలు కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూస్తున్నట్టున్నాయి. లోపల మిస్ ఒడెస్సా, ఆవిడ మేనల్లుడు డారెల్. డారెల్‌కి నలభై ఉంటాయి, సిటీ బస్సు నడుపుతాడు, సెలవు పెట్టి ఎడమచెయ్యి ఆడిస్తాడు. ఆవిడని "ఆంటీ" అంటాడు. మా మోరిస్‌విల్‌లో ఆంటీ అంటే పక్కింటావిడ. ఇక్కడ నిజంగానే మేనత్త కావడం నాకు వింతగా అనిపించింది. అలాగే ఆవిణ్ణి ఉత్తి ఒడెస్సా అని ఎవరూ అనరు. పేరుకి ముందు మిస్ పెట్టాలి. మనం వెనక గారు తగిలిస్తాం, వాళ్ళు ముందే తగిలిస్తారు.

మధ్య కుర్చీలో ఉంది మిస్ హాటీ. మూడున్నర అడుగుల చెక్కబొమ్మ, నీలం గౌను, నెత్తిన బట్టల బుట్ట. మిస్ ఒడెస్సా వాళ్ళమ్మమ్మ.

"ఊరందరి బట్టలూ ఉతికేది. బుట్ట నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిచేది. నాకు అయిదేళ్ళు, వెనకాలే పోయేదాన్ని," అంది మిస్ ఒడెస్సా. "ఫొటో ఒక్కటీ లేదు. మొహం నాకే సరిగ్గా గుర్తులేదు, ఊహించి చెక్కాను. వెనక నడిచేదాన్ని కదా, నడకొక్కటే గుర్తు. చిన్నప్పుడు కుడికాలి మీద మరుగునీళ్ళు పడ్డాయిట. ఎడమ పాదం వేసి, ఒక్క క్షణం ఆగి, కుడి పాదం ఈడ్చేది. ఆ ఆగడం తప్పిందంటే అది మా అమ్మమ్మ కాదు, ఇంకెవరో."

ఆ పాదాలు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. గొంతుక్కూర్చుని, బాతులా నడుస్తూ, రెండు చేతులతో రెండు పాదాలూ నడిపించాలి. నడిపించాను. మిస్ హాటీ మా కాలనీలో పొద్దున వాకింగ్‌కెళ్ళే డాక్టరు గారిలా విసవిసా పోయింది.

మిస్ ఒడెస్సా బొమ్మని ఆపింది. "నాలుగు వందల ఏళ్ళా?"

"కొంచెం తక్కువండీ."

"ఎంత తక్కువ?"

"నాలుగు వందల ఏళ్ళు తక్కువ."

డారెల్ అద్దం వైపు తిరిగిపోయాడు, భుజాలు ఊగుతున్నాయి. మిస్ ఒడెస్సా నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మోకాళ్ళున్నాయా?"

"రెండూ ఉన్నాయండీ. బాగానే పనిచేస్తాయి."

"చాలు. చెప్పులిప్పు."

ఆ రోజంతా నడిచాం. డర్హమ్ నుంచి విజయవాడ దాకా నడిచినంత. మధ్యలో నా కాలు కింద పరిచిన గౌను నమూనా కాగితం మీద పడింది. చప్పున వంగి కాగితాన్ని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను.

"అదేంటి?" అంది మిస్ ఒడెస్సా.

కాగితానికీ పుస్తకానికీ మనిషికీ కాలు తగిలితే అలా చేస్తామని చెప్పాను. మా దేశంలో పిల్లలు పుట్టగానే ముందు ఇదే నేర్చుకుంటారని కొంచెం కలిపాను.

"మరి పుస్తకం ఏం చేస్తుంది?"

"పుస్తకం ఏం చేస్తుందండీ, ఊరుకుంటుంది."

"హూఁ," అంది. "మర్యాద తెలీని పుస్తకం."

హైవే తొంభై అయిదు: ఫిబ్రవరి ముచ్చట

శుక్రవారం వ్యాన్‌లో బయల్దేరాం. నేను ముందు డోర్ తీశాను. అక్కడ మిస్ హాటీ కూర్చునుంది, సీట్ బెల్ట్ పెట్టుకుని. "బొమ్మలు డిక్కీలో పడుకోవు, మా అమ్మమ్మ అసలు పడుకోదు," అంది మిస్ ఒడెస్సా. డారెల్ డ్రైవింగ్, హాటీ పక్కన, ఆవిడా నేనూ వెనక. నా ఒళ్ళో పద్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా. యాభై మందికి సరిపోతుంది. సౌత్ కరోలినా వచ్చేసరికి ముగ్గురం ఖాళీ చేశాం.

దారిలో ఆవిడ చెప్పింది. ఈ దేశంలో ఫిబ్రవరి నల్లవాళ్ళ చరిత్రని తలుచుకునే నెల.

"జనవరి ఆఖర్న నా ఫోన్‌కి పూనకం వస్తుంది. స్కూళ్ళు, లైబ్రరీలు, బ్యాంకులు. రోజుకి మూడు ఆటలు. మార్చి ఒకటో తారీఖున అదే ఫోన్ తీసి, పాడైందేమోనని చూసుకుంటాను. బొమ్మ అదే, అమ్మమ్మ అదే. పదకొండు నెలలు మాత్రం ఎవరికీ గుర్తురాదు."

"మా తెలుగువాళ్ళూ అంతేనండీ," అన్నాను. "ఉగాదికి తప్ప కూచిపూడి ఒకటుందని గుర్తుండదు."

రేపటి ఆటకి ఒకాయన వస్తున్నాడట. మూడు రాష్ట్రాల్లోని థియేటర్లకి ఏడాది పొడుగునా ఏ ఆటలు పంపాలో తేల్చేది ఆయనే. "ఆయనొచ్చి ఫిబ్రవరి అన్నాడనుకో, కుదరదంటాను," అంది మిస్ ఒడెస్సా.

డారెల్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "ఆంటీ, ఫిబ్రవరి కూడా వద్దంటే ఇంక మనకి మిగిలేదేంటి? డిపోలో పెద్ద రూట్ ఇస్తామంటున్నారు. వారానికి ఆరు రోజులు. సోమవారం చెప్పాలి వాళ్ళకి."

"చెప్పు మరి."

"నేను పోతే ఎడమచెయ్యి?"

 "అమ్మమ్మ ఒంటిచేత్తో కూడా ఉతికేది," అంది మిస్ ఒడెస్సా. ముందు సీట్లో మిస్ హాటీ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. నేను మొదటిసారి, ఆశ్చర్యంగా, నోరు మూసుకున్నాను.

సౌత్ కరోలినా: పల్లీల పెద్దమనిషి

ఎగ్జిట్ దిగగానే రోడ్డు పక్కన పొయ్యి మీద పెద్ద డేగిసా, అందులో ఉడుకుతున్న వేరుశెనక్కాయలు. ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఉంటూ ఈ సంగతి ఎలా తెలీలేదో! దిగి పరుగెత్తాను. అమ్మే ముసలాయన ఓవరాల్స్ వేసుకుని, గుమ్మడికాయంత బొజ్జతో ఉన్నాడు.

"ఉప్పేసి ఉడకబెట్టారా?" అన్నాను.

"ఇంకెలా ఉడకబెడతారు?"

"మా ఊళ్ళోనూ ఇంతే."

ఆయన గరిటె ఆపాడు. "మీకెవరు చెప్పారు?"

సంచీ ఏడు డాలర్లు. మా వైపు బస్టాండ్‌లో ఆ డబ్బుకి అమ్మేవాడు బండితో సహా ఇచ్చేస్తాడు. అయినా తొక్కలోని ఉప్పునీళ్ళు జుర్రుకోగానే లెక్క మర్చిపోయాను. మిస్ ఒడెస్సా కూడా అలాగే జుర్రింది. తొక్కలు ఒకే సంచీలో వేసుకుంటూ పోయాం.

సవానా: అట్ట పట్టుకున్న అమ్మాయి

సవానాలో చెట్లకి బూడిదరంగు నాచు గడ్డాల్లా వేలాడుతుంది. ఊళ్ళో చెట్లన్నీ రిటైరైన హెడ్మాస్టర్లలా ఉంటాయి. ఒక చిన్న హోటల్లో రొయ్యలూ గ్రిట్సూ తిన్నాం. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ. అమెరికాలో ఉప్మాని ఇంత గౌరవంగా చూసే ప్రాంతం ఉందని తెలిస్తే మా నాన్న ఇక్కడే స్థిరపడేవాడు. బెండకాయ వేపుడు కూడా పెట్టారు. జేబులోంచి ఆవకాయ పొట్లం తీశాను. డారెల్ గ్రిట్స్‌లో చెంచాడు కలుపుకుని రెండు గ్యాలన్ల చెమట కార్చాడు. మిస్ ఒడెస్సా మాత్రం ముక్క చీకి, "మీ ఆవిడకి నా నంబర్ ఇవ్వు," అంది. దీక్ష చొక్కా రూమ్‌లో ఉంది కాబట్టి చికెన్ కూడా తిన్నాను. పద్మ చదువుతుంది కనక ఇది కూడా రాస్తున్నాను.

రిహార్సల్‌కి వెళితే, కాగితాలు బిగించిన అట్ట పట్టుకున్న అమ్మాయొకతి ఎదురొచ్చింది. ఏర్పాట్లన్నీ తనే చూస్తోంది. నవ్వుతూనే, "మీ మూడో మనిషి ప్రొఫెషనలేనా? ఇబ్బంది అనుకుంటే లాబీ ఇంకా ఖాళీగానే ఉంది, పిల్లలకి చాలా బాగుంటుంది," అంది.

మిస్ ఒడెస్సా నా వైపు తిరిగింది. "మిస్టర్ మూర్తీ, ఈ అమ్మాయికి మీ వంశం గురించి చెప్పండి."

చెప్పాను. అయిదు వందల ఏళ్ళు చేశాను ఈసారి. ఆ అమ్మాయి అట్ట మీద ఏదో కొట్టేసి వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి నా అబద్ధం ఒకరికి పనికొచ్చింది.

శనివారం: పెద్ద స్టేజీ

మూడు వేల మంది జనం. సరే, మూడు వందలు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మొహం మీద నల్లగుడ్డ. దీక్ష అలవాటు కొద్దీ చెప్పులు లేవు. స్వామిని తలుచుకుని గొంతుక్కూర్చున్నాను. లైటు మిస్ హాటీ మీద పడింది.

మాటల్లేని ఆట. ఆవిడ బుట్టతో నడుస్తుంది, ఉతుకుతుంది, ఆరేస్తుంది, మళ్ళీ నడుస్తుంది. ఎడమ, ఆగి, కుడి. ఎడమ, ఆగి, కుడి. పైన మిస్ ఒడెస్సా ఊపిరి వినబడుతోంది. ఆ ఊపిరితో పాటే పాదం వేయాలి. పది నిమిషాలయ్యేసరికి జనం మమ్మల్ని చూడ్డం మానేశారు. హాల్లో ఉన్నది ఒక్క ముసలావిడే.

అప్పుడు మలుపు తిరుగుతుంటే నా బొటనవేలు ఆవిడ గౌను అంచు మీద పడింది.

మిస్ హాటీ తూలింది. బుట్ట జారింది, డారెల్ ఆడించే ఎడమచెయ్యి దాన్ని పట్టి ఆపింది. హాలంతా "అయ్యో" అన్నట్టు ఒక్క చప్పుడు. నేను చేయాల్సింది కాలు తీసేసి ముందుకు నడపడం. కానీ నలభై తొమ్మిదేళ్ళ అలవాటు నన్నడిగి చేస్తుందా? పెద్దావిడకి కాలు తగిలింది. చేతిలోని కుడి పాదం వదిలేసి, ఆవిడ గౌను తాకి, నల్లగుడ్డ మీద నుంచే వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. మూడు వందల మంది ముందు. కనబడకూడనివాణ్ణి కనబడిపోయాను.

 ఎక్కడో అట్ట కిందపడింది. పదేళ్ళు ఎదురుచూసిన స్టేజీ, సోమవారం డిపో, అన్నీ నా బొటనవేలి కింద ఉన్నాయనిపించింది.

పైన చెక్క కదిలిన చప్పుడు. తలెత్తితే మిస్ హాటీ మొహం మెల్లగా నా వైపు తిరుగుతోంది. వంగింది. నన్ను చూసింది. తర్వాత ఆవిడ కుడిచెయ్యి, ఊరందరి బట్టలూ ఉతికిన చెయ్యి, వచ్చి నా తల మీద ఆగింది. ఎంతసేపంటే, ఇక్కడ మాత్రం అంకె వేయను.

నెత్తి మీద నుంచి గుసగుస వినబడింది. "నడు బేబీ. ఆవిడకి పనుంది."

పాదం అందుకున్నాను. ఎడమ, ఆగి, కుడి. ఆట చివరిదాకా ఆ ఆగడం ఒక్కసారీ తప్పలేదు.

తెర వెనక

జనం లేచి కొట్టిన చప్పట్లకి హాలు పైకప్పు జానెడు లేచింది. నేను మాత్రం లేవలేకపోయాను. మొహం మీది గుడ్డ తీసేసరికి మొహమంతా తడి. అట్ట అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందా?" అంది. కుడి మోకాలు పట్టుకుని, "కలుక్కుమంది," అన్నాను. ఎముకల మధ్య ఉప్పుకారం రాసినట్టుందని వివరించాను. ఐస్ ప్యాక్ తెచ్చింది, అంబులెన్స్ పిలవనా అంది.

ఈ లోపల గుండ్రటి కళ్ళద్దాల పెద్దమనిషి వచ్చాడు. థియేటర్లకి ఆటలు పంపే ఆయన. ఆ నల్లబట్టల మనిషి మొక్కడం, హాటీ చెయ్యి పెట్టడం ఆటలో ఎప్పుడు చేర్చారు అన్నాడు. "మా అమ్మమ్మ అప్పుడప్పుడు చేరుస్తుంది," అంది మిస్ ఒడెస్సా. ఆయన నవ్వి, చేతిలోని క్యాలెండర్ తెరిచాడు.

"అయితే మీకు ఫిబ్రవరి..."

"ఫిబ్రవరి కుదరదు."

డారెల్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన పేజీలు తిప్పాడు. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. నా ఐస్ ప్యాక్ కరిగి ప్యాంటులోకి కారుతోంది.

"ఏప్రిల్?" అన్నాడు. "ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పన్నెండు ఊళ్ళు?"

"ఆలోచిస్తాను," అని ఒక్క క్షణం ఆగి, "ఆలోచించాను," అంది.

ఆయన వెళ్ళాక ఆవిడ నా పక్కన కూర్చుంది. "మా అమ్మమ్మ పుస్తకం కాదు, మిస్టర్ మూర్తీ," అంది. డారెల్ బయటికెళ్ళి డిపోకి ఫోన్ చేసి, సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తున్నా, పెద్ద రూట్ నాకొద్దన్నాడు.

వెనక్కి

ఆదివారం వ్యాన్ దగ్గరికి కుంటుకుంటూ వెళితే, ముందు సీటు ఖాళీగా ఉంది. మిస్ హాటీ వెనక కూర్చుంది, బెల్ట్ పెట్టుకుని. "మోకాలు చాపుకోవాలిగా, నువ్వు ముందు కూర్చో," అంది మిస్ ఒడెస్సా. ఎంత వద్దన్నా వినలేదు. పల్లీల పెద్దమనిషి దగ్గర ఎడమ మోకాలు పట్టుకుని దిగాను. ఆయన జాలిపడి సంచీ ఊరికే ఇచ్చాడు.

ఇక ఒప్పుకోవాల్సింది. హాటీ చెయ్యి నా తల మీద ఆగడం కల్పితమనుకుంటున్నారు కదూ? కాదు, అది అక్షరాలా జరిగింది. కల్పించింది మోకాలు. దానికేమీ కాలేదు. అదీ ఇంటికొచ్చి రాస్తూ కల్పించింది కాదు, అక్కడే, ఆ అమ్మాయి మొహం మీదే కల్పించాను. నలభై తొమ్మిదేళ్ళవాడు ఒక చెక్కబొమ్మ దీవిస్తే వెక్కివెక్కి ఏడ్చాడని ఎలా చెప్పను?

ఉచితంగా వచ్చిన పల్లీలు అరిగాయి గానీ, ఆ ముందు సీటు అరగలేదు. వారం ఆగి మిస్ ఒడెస్సాకి ఫోన్ చేసి చెప్పేశాను.

"తెలుసు," అంది. "అరవై ఏళ్ళుగా నేను చూసేది నడకలే. సవానాలో కుడికాలు కుంటావు, పల్లీల దగ్గర ఎడమకాలు."

"మరి హాటీ సీటు నాకెందుకిచ్చారండీ?"

"నేనివ్వలేదు. నేను వచ్చేసరికే ఆవిడ వెనక కూర్చునుంది."